ఐదడుగుల పునాది

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు పక్కన నా పేరు మీద ఒక మేడ ఉంది. కింద అంగళ్లు, పైన రెండంతస్తులు. అందులో నా డబ్బు ఒక్క రూపాయి కూడా లేదు. ఈ మాట చెప్పాల్సిన చోట చెప్పకుండా చాలా ఏళ్లు గడిపాను.

ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ని. ఒకరోజు యజమాని తన గదిలోకి పిలిచి, నా పేరు మీద కొంత స్థలం కొంటున్నానని, సంతకం పెట్టమని అడిగాడు. పత్తి వ్యాపారంలో లెక్కలకెక్కని నోట్లు ఆయన దగ్గర మూటలుగా ఉన్నాయని మిల్లులో అందరికీ తెలుసు. వాటిని బ్యాంకులో వేసుకోవడానికి లేదు.

"దుడ్డు ఇంట్లో ఉంటే నిద్ర పట్టదప్పా. గోడలో ఉంటే ఎవుడూ అడగడు" అని నవ్వాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకాలు పెట్టాను. ఆస్తి ఎప్పుడైనా తన పేరుకు మార్చుకునేందుకు తేదీ వేయని కాగితాల మీద కూడా పెట్టించుకున్నాడు. అది తప్పని తెలియక చేశానని అనను. ఉద్యోగం పోతుందన్న భయం సగం కారణం. మిగతా సగం రాయడానికి సిగ్గుగా ఉంది. నందవరంలో ఒక పెళ్లికి పోతే, అంతవరకు నన్ను పట్టించుకోని బావమరిది "మా బావ ఎమ్మిగనూరులో బిల్డింగు కడతాండాడు" అని నలుగురికీ చెప్పి ముందు వరసలో కుర్చీ వేయించాడు. నేను కాదనలేదు. కూర్చున్నాను.

ఆ స్థలం మొన్నటిదాకా పత్తి పండిన పొలం. నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. పునాది గుంటలు ఐదడుగులు దిగినా ఇంకా నల్లమన్నే వస్తోంది. మేస్త్రీ గుంటలో నిలబడి గడ్డపార దించి చూపించాడు. అది వెన్నలో దిగినట్టు దిగింది.

"అన్నా, గట్టినేల ఇంకా తగల్లేదు. ఇంగో మూడు నాలుగడుగులు పోవాల్సిందే. ఓనరు మీరు, మీరు సెప్పండి."

పక్కకు పోయి యజమానికి ఫోన్ చేశాను. లెక్కలడిగేవాళ్లు వస్తారని ఎవరో ఆయన చెవిలో వేశారు. ఆ నోట్లన్నీ తొందరగా ఇటుకలైపోవాలి.

"బావి తవ్వతాండారా, బిల్డింగు కడతాండారా? లేపమను" అని పెట్టేశాడు.

మేస్త్రీ దగ్గరికి తిరిగి వచ్చి ఫోన్ సంగతి చెప్పలేదు. నా సొంత నిర్ణయమన్నట్టు "చాల్లే, కాంక్రీటు పోయండి" అన్నాను. అతను కొంచెంసేపు నా ముఖం చూశాడు.

"మీ ఇష్టమన్నా. ఉండేది మీరే కదా."

ఆ తర్వాత అంతా అదే దారిలో నడిచింది. ఇంజనీరును పెడితే ఖర్చు కాగితం మీదికి ఎక్కుతుందని పెట్టలేదు. ఇనుము బిల్లు లేకుండా వచ్చింది. సన్నగా, తుప్పుతో వచ్చినా వెనక్కి పంపలేకపోయాం, కొన్నట్టు రుజువు ఉంటే కదా పంపేది. అనుమతి పైన ఒక్క అంతస్తుకే ఉంది. నోట్లు ఇంకా మిగిలాయి కాబట్టి దాని మీద ఇంకోటి లేచింది. నడి ఎండాకాలంలో స్లాబు వేసి, వారాల తరబడి తడపాల్సినదాన్ని నీళ్లు దొరక్క రెండు రోజులే తడిపి వదిలేశారు.

కింద ఉగ్గాని, బజ్జీల అంగడి ఒకటి, పై అంతస్తు తప్ప మిగతావి అద్దెకు పోలేదు. పై అంతస్తు ఒక ముస్లిం ఆమె తీసుకుంది. ఎనిమిది కుట్టు మిషన్లు పెట్టి, ఎనిమిదిమంది ఆడవాళ్లతో నైటీలు, లంగాలు కుట్టించేది. రెండేళ్లు తిరక్కుండానే తలుపులు తేడా చేయడం మొదలైంది. వానాకాలం ద్వారబంధంలో ఇరుక్కుంటాయి, ఎండాకాలం గొళ్లెం అందదు. ప్రతి ఏడూ వడ్రంగిని పిలిచి చెక్కించేది.

"అన్నా, మీ తలుపులు అచ్చం నా మొగుడే. ఒగనాడు బిగుసుకుంటాడు, ఒగనాడు పట్టుకుందామన్నా అందడు" అనేది. మిషన్ల ముందున్న వాళ్లంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. నేల కదులుతోందని నాకు అర్థమవుతూనే ఉండేది.

పోయిన వానాకాలంలో కింద ఉగ్గాని అంగడిలోని పిల్లరు నిలువునా చీలింది. సిమెంటు పెచ్చులూడి లోపలి ఇనుప కమ్మీలు తుప్పుతో ఎర్రగా బయటపడ్డాయి. అంగడాయన వారంలో ఖాళీ చేసి పోయాడు. నేను ఫోటోలు తీసి యజమానికి చూపించాను.

"మంచిగా రిపేరు చేయించాల సార్. చానా అవుతాది."

"చానా అయితే దాన్ని ఏ లెక్కలో సూపేది? పూత పూసి రంగు ఏయించు. పడతాదని సెప్పేకి నువ్వేమన్నా ఇంజనీరా?"

పూత పూయించాను. మనిషిని నేనే పిలిచాను, దగ్గరుండి రంగు కూడా వేయించాను. పని ముగిసే వేళకు పై అంతస్తు ఆమె టీ పట్టుకుని కిందికి వచ్చింది.

"అడక్కుండానే రిపేరు సేయించే ఓనరు యాడుంటాడన్నా ఈ కాలంలో" అంది. తర్వాత కొంచెం సంకోచంగా, "ఒగ మాట. ఇంటి బాడుగ కట్టలేకపోతాండాం. పైన వెనక రూములోకి మా అత్తను, ఆడపిల్లలిద్దర్నీ తెచ్చుకుంటా. ఇంగ ఈడనే పండుకుంటాం. మీరు ఊ అనండి చాలు" అంది.

నా చేతిలో ఆమె ఇచ్చిన టీ ఉంది. ఊ అన్నాను.

నిజం చెబితే ఇన్నేళ్ల అబద్ధం బయటపడుతుంది, యజమాని వదలడు. చెప్పకపోతే ఆ పిల్లలు ఆ స్లాబు కింద పడుకుంటారు. రెండూ కాకుండా జారుకునే దారి ఒకటి వెతికాను. అద్దె ఒకేసారి సగం పెంచితే ఆమే వెళ్లిపోతుందనుకుని ఫోన్ చేశాను.

"సరేలేన్నా. అంత రిపేరు సేయించినారు, మీరు అడగడంలో తప్పు లేదు. ఎట్లనో కడతాం. శుక్రవారం సామాన్లు తెచ్చుకుంటాండాం."

గురువారం పొద్దున బస్సెక్కి పోయాను. మిషన్లు అన్నీ నడుస్తున్నాయి. ఆమెను పక్కకు పిలవకుండా, ఆ ఆడవాళ్లందరి ముందే చెప్పాను. మేడ నాది కాదని, పునాది గట్టినేల దాకా పోలేదని, పిల్లరు లోపల ఇంకా చీలే ఉందని. ఒక్కొక్క మిషనే ఆగిపోయింది.

"పూత పూసినరోజు తెలుసా మీకు?" అని అడిగింది.

"తెలుసు."

"నేను పిల్లోళ్లను తెచ్చుకుంటానన్నప్పుడు?"

"తెలుసు."

"బాడుగ పెంచినప్పుడు?"

తలూపాను. ఆమె మిషన్లకున్న మోటార్లు విప్పమని ఆడవాళ్లకు చెప్పింది. ఒక మిషన్ మోద్దామని చెయ్యి వేశాను.

"ముట్టుకోవద్దు" అంది. ఎనిమిది మిషన్లనూ వాళ్లే ఇద్దరిద్దరుగా మెట్లు దింపుకున్నారు. నేను గోడకు ఆనుకుని దారి ఇచ్చాను.

మంచి పని చేశానని చెప్పుకోను. ఆమెకు దొరికిన గది చిన్నది, ఐదు మిషన్లే పట్టాయి. ముగ్గురు ఆడవాళ్లు మిరప చేలకు కూలికి పోతున్నారని విన్నాను.

ఆ సాయంత్రమే మునిసిపాలిటీకి అర్జీ రాశాను, ఈ భవనం ప్రమాదకరంగా ఉంది, ఎవరినీ ఉండనివ్వకండి అని. యజమాని హోదాలో కింద నేనే సంతకం పెట్టాను. మిల్లు యజమాని పిలిపించాడు. కేకలు వేస్తాడనుకున్నాను. తేదీ వేయని ఆ కాగితాలు బల్ల మీద పెట్టి, మెల్లగా నా వైపు తోశాడు.

"ఇవి నాకెందుకప్పా ఇంగ? రిజిస్టరు ఎవురి పేరు? నీది. అర్జీలో సంతకం ఎవురిది? నీది. పడగొట్టేది గూడ నువ్వే. రేపట్నుంచి మిల్లుకు రావద్దు."

కూల్చమని నోటీసు నా పేరుకే వచ్చింది. కూల్చడానికి అయ్యే ఖర్చు నా దగ్గర లేదు. అలాంటి మేడను కొనేవాడు లేడు, ఉన్నా అమ్మకూడదు. అన్ని గదులకూ తాళాలు వేసి, చుట్టూ తాడు కట్టాను. రెండు రోజులకొకసారి ఆదోని నుంచి పోయి చూసి వస్తున్నాను. తాడు ఎవరో ఒకరు విప్పుకుపోతారు. మళ్లీ కడతాను.

మొన్న పోయేసరికి గోడవారన బొరుగులు అమ్ముకునే ఒకామె గంప పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఈడ కూసోవద్దమ్మా. రోడ్డుకు ఆ పక్క కూసో."

"ఆ పక్క ఎండ కాదా? నీ గోడ నీడ ఏమన్నా అరిగిపోతాదా అప్పా?"

"గోడ మంచిది కాదు. మీద పడతాది."

ఆమె తలెత్తి మేడను పైదాకా చూసింది. రంగు ఇంకా కొత్తగానే ఉంది.

"నీదేనా బిల్డింగు?"

"నాదే" అన్నాను.

"పడిపోయేదాన్ని ఎందుకు కట్టినావప్పా మరి?"

నేను వంగి గంప ఎత్తుకుని రోడ్డు దాటాను. ఆమె నన్ను తిట్టుకుంటూ వెనకే ఎండలోకి వచ్చింది.