తాకిందని చెప్పాను

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట. చెప్పడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఎన్నో రోజులు దొరికాయి, ఒక్కటీ వాడుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పలేకపోయాను కాబట్టే మీకు చెబుతున్నాను.

ఈ మధ్యనే రజిత పోయింది. జ్వరమని మానుకోట దవాఖానకు వెళ్ళిన మనిషి నడిచి ఇంటికి రాలేదు. ఆమె కోసం ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఏడుపులో ఎంత ఆమె కోసమో, ఎంత నా కోసమో ఇప్పటికీ విడదీయలేకపోతున్నాను.

మాది భూపాలపల్లి. అప్పటికి జిల్లాలు విడిపోలేదు. నాయినకు బజార్లో బట్టల దుకాణం. బొగ్గు గనుల కాలనీలో ఒక ఈతకొలను ఉండేది, అక్కడే మా పిల్లల క్లబ్బు. పొద్దున్నే ఈత, తర్వాత బడి. ఆడపిల్లలం కొద్దిమందిమే. వాళ్ళలో నేనే ముందు. రిలేలో, అంటే నలుగురు ఒకరి తర్వాత ఒకరు ఈదే పందెంలో, ఆఖరి వంతు నాది. అందరికంటే వేగంగా ఈదేవాళ్ళకే ఆ వంతు ఇస్తారు. చదువులో మా అక్క ముందుండేది. చెల్లె అందగత్తె. నాకంటూ ఉన్నది ఆ నీళ్ళే.

నేను పదో తరగతిలో ఉండగా చెల్పూర్ దగ్గరి పల్లె నుంచి రజిత వచ్చింది. ఈత నేర్చుకున్నది వాళ్ళ పొలంలోని బావిలో. నడుముకు ఖాళీ డబ్బా కట్టి వాళ్ళ బాపు నీళ్ళలోకి తోశాడట. మొదటిరోజే నన్ను దాటేసింది. మాకు ఈత నేర్పే సారు విజిల్ నోట్లో పెట్టుకొని ఊదడం మరిచిపోయాడు. వారం తిరగకుండానే ఆఖరి వంతు ఆమెకిచ్చి నన్ను మొదటి వంతుకు మార్చాడు.

ఆమెలో ఒక్కటే లోపం. బావి గోడ రాళ్ళ సందుల్లో పాములుంటాయి. గోడ జోలికి పోవద్దని చిన్నప్పటి నుంచి చెప్పి చెప్పి పెంచారు. అందుకని గోడ ఇంకా జానెడు దూరం ఉండగానే ఆమె ఒళ్ళు దానంతటదే తిరిగిపోయేది. పోటీలో అట్లా కుదరదు. అవతలి గోడకు ఒంట్లో ఏదో ఒకటి, కాలి వేలైనా సరే, తాకాలి. తాకకపోతే ఆ ఈత చెల్లదు. రిలేలో ఒక్కరు తాకకపోయినా నలుగురి ఈతా పోతుంది.

సారు రోజూ చెప్పేవాడు. ఆమె కూడా కష్టపడేది. కానీ ఆ వేగంలో కాలి వేళ్ళకు తగిలింది గోడో, ఎదురుగా తోసుకొచ్చిన నీళ్ళో ఆమెకు తెలిసేది కాదు. సారు ఇవతలి గట్టున నిలబడి మా అందరినీ చూసుకోవాలి. అందుకని నన్ను అవతలి గట్టుకు పంపాడు. "జర నువ్వు జూసి చెప్పు బిడ్డా, నీకైతే తెలుస్తది" అన్నాడు.

రజిత వచ్చింది, తిరిగింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. నీలం పలకల గోడ, ఆమె మడమ, రెంటి మధ్య ఖాళీ. నాలుగు బారలు పోయి ఆగి, తల పైకెత్తి, నోట్లో నీళ్ళు ఊసి అడిగింది.

"ఏమే, తాకిందా?"

"తాకింది."

"నిజంగనా? నాకైతే తెలుస్తలే. ఒట్టెయ్యి."

"ఒట్టు. ఎన్నిసార్లు అడుగుతవే? ఇది మీ బాయి గాదు. ఈడ నిన్ను కరిచే పాములేం లేవు, పో."

పగలబడి నవ్వింది. నవ్వుకుంటూనే ఈదుకుంటూ పోయింది.

ఆ మొదటిసారి ఎందుకు అట్లా అన్నానో నాకు నిజంగా తెలియదు. రెండోసారి తెలుసు. ఆ తర్వాత తాకిన రోజూ తాకిందనే అన్నాను, తాకని రోజూ తాకిందనే అన్నాను. ఏది సరైన తిరుగుడో ఏది కాదో పోల్చుకునే దారి ఆమెకు లేకుండా చేశాను. నా మనసులో ఒక లెక్క ఉంది. పెద్ద పోటీలో ముందు ఒంటరి పందేలుంటాయి, తర్వాతే రిలే. ఒంటరి పందెంలో ఆమె దొరికిపోతుంది, ఆమెకు తప్ప ఎవరికీ నష్టం ఉండదు, సారు భయపడి ఆఖరి వంతు నాకే ఇస్తాడు. ఇంత తెలివి ఆ వయసులో నాకు ఎక్కడిది? ఎవరూ నేర్పలేదు. ఎవరి మీదా తోయలేను.

రాష్ట్ర పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. నా లెక్క తప్పింది. ఒంటరి పందెంలో ఆమె కాలు తాకిందో, చూసేవాళ్ళు చూడలేదో, ఆమెకు మూడో స్థానం వచ్చింది. మా క్లబ్బుకు అదే మొదటి మెడల్. మర్నాడు రిలే. ఇప్పుడైనా సారుకు చెప్పాలి కదా, అనుకున్నాను. మళ్ళీ నాకు నేనే చెప్పుకున్నాను: అంతమంది పెద్దవాళ్ళు పట్టుకోలేదంటే తాకే ఉంటుంది, నేను చూసిందే తప్పేమో. నేను చూసింది తప్పు కాదని తెలిసీ అట్లా అనుకున్నాను.

రిలేలో నా వంతు నేను బాగానే ఈదాను. రజిత నీళ్ళలో దూకేసరికి మేము నాలుగో స్థానంలో ఉన్నాం. ఆమె ఇద్దరిని దాటింది. రెండో స్థానం. గట్టు మీద ఒకరినొకరం పట్టుకొని గెంతుతున్నాం. అంతలో గోడ తాకారో లేదో చూడడానికి అవతలి గట్టున నిలబడ్డ ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. మైకులో మా జట్టు చెల్లదని చెప్పారు.

మా సారు తిట్టలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "ఎన్నిసార్లు జెప్పిన బిడ్డా? తాకుతలేదని నీకు తెల్వదా?"

రజిత నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"తెల్వలే సార్" అంది.

నా పేరు ఎత్తలేదు. నేను నోరు విప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక పిల్ల, "బాయిల కప్పను దెచ్చి గీడ ఏస్తే గిట్లనే ఉంటది" అంది. మిగతావాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వకపోవడాన్నే మంచితనం అనుకున్నాను. పోయి ఆమె పక్కన కూడా కూర్చున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

కొన్నాళ్ళకు రజిత రావడం మానేసింది. ఆఖరి వంతు నాకు వచ్చింది. మరుసటి ఏడాది రిలేలో మాకు మెడల్ కూడా వచ్చింది. నాయిన దాన్ని దుకాణంలో గల్లా వెనక తగిలించాడు.

నేను జనగామలో టీచరునయ్యాను. ఆమె డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగిని పెళ్ళి చేసుకుంది. ఆమె దినాలకు రైల్లో వెళ్ళాను. భోజనాలయ్యాక ఆమె బిడ్డ వచ్చి నా పక్కన కూర్చుంది. ఐదో తరగతి. నా ముఖాన్నే కాసేపు చూసింది.

"అమ్మతోని ఈత కొట్టింది మీరే గదా పెద్దమ్మా?"

"ఔ బిడ్డా."

"అమ్మ చెప్పింది. మీకు అప్పట్ల అద్దాలు లేకుండెనంట గదా. కండ్లు కనవడకనే తాకింది తాకింది అన్నరంట. అందరు అమ్మను తిట్టిండ్రంట. పాపం, దానికి కనవడలే, అది మాత్రం ఏం జేస్తది, అంటుండె అమ్మ."

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. "ఔ బిడ్డా" అన్నాను మళ్ళీ.

అప్పుడు రజిత పెళ్ళి రోజు గుర్తొచ్చింది. పిలుపు వస్తే భయపడుతూనే వెళ్ళాను. ఆ పోటీల తర్వాత మేము మాట్లాడుకున్నది లేదు. పందిట్లో నన్ను చూడగానే ఆమె ముఖం ఒక్కసారి విప్పారింది. "అద్దాలొచ్చినయా నీకు!" అంటూ నా రెండు చేతులూ పట్టుకొని వదల్లేదు. అక్కడి నుంచి మళ్ళీ దోస్తులమయ్యాం. పండుగకు పబ్బానికి ఫోన్లు, బిడ్డ పుడితే కబురు. అన్నేళ్ళ తర్వాత అంత ప్రేమ ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల మాటతో ఇప్పుడు అర్థమైంది: అన్నేళ్ళూ ఆమె నన్ను అనుమానించింది. నా ముఖాన అద్దాలు చూశాక తన అనుమానానికి తానే సిగ్గుపడింది. నన్ను క్షమించడం కూడా కాదు, నా తప్పే లేదనుకుంది. ఆ నమ్మకంతోనే పోయింది. దాన్ని తన బిడ్డకూ ఇచ్చి పోయింది.

ఆ పిల్లకు ఇంకా చెప్పలేదు. చెబితే తల్లి మిగిల్చిన ఒక మంచి మాట ఆమె చేతిలోంచి గుంజుకున్నట్టవుతుందేమో. చెప్పకపోతే తల్లికి చెప్పిన అబద్ధమే బిడ్డకూ చెప్పినట్టు. ఏది న్యాయమో తేల్చుకోలేకుండా ఉన్నాను. తేల్చుకోలేనని చెప్పి తప్పించుకుంటున్నానా? అదీ తెలియదు.

మీకు మాత్రం చెప్పాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. అంత సులువుగా ఆడుతున్నందుకు సిగ్గుగా కూడా ఉంది.

నా కళ్ళద్దాలు చదువుకోవడానికి, తీసి పెట్టే ఓపిక లేక ఎప్పుడూ ముఖానే ఉంటాయి. పుస్తకంలో అక్షరాలు మసకగా కనబడతాయి. దూరంలో ఉన్నది మాత్రం నాకెప్పుడూ బాగానే కనిపిస్తుంది.