మా పళ్ల దవాఖాన సముద్రానికి ఎన్ని రాళ్లు?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ కొత్త, మెదక్‌లో ఒక పళ్ల దవాఖానలో రిసెప్షన్ ఉద్యోగం ఇంకా కొత్త. ఎవరేమడిగినా ముందు "నాకు తెలుసు" అనేసి, ఆ తర్వాత తీరిగ్గా తెలుసుకోవడం నా పద్ధతి. అందుకే మా డాక్టరమ్మ దవాఖాన నడిపే తన కిరాయి మడిగెలోకి ఒక పెద్ద గాజు తొట్టి తెప్పించి, "దీంట్ల ఉప్పునీళ్ల చేపలు పెడ్దాం. సూది అంటే భయపడేటోళ్లు చేపల్ని చూసి జర నిమ్మళపడ్తరు. నీకు తెలుసు గదా, నువ్వే చూస్కో" అన్నప్పుడు ధీమాగా తల ఊపాను. (సముద్రాన్ని అప్పటికి నేను ఫోనులో తప్ప చూడలేదు. అది మెదక్‌కు ఏ దిక్కున ఉందో అడిగినా తడుముకునేదాన్ని.)

చేపలకన్నా ముందు రాళ్లు వచ్చాయి. లైవ్ రాక్ అట. హైదరాబాదు దుకాణంవాడు వాటిని ఉప్పునీళ్లలో నానబెట్టి నానబెట్టి ప్రాణం పోశాడు. వాటి చిల్లుల్లో కంటికి ఆనని జీవాలుంటాయని, చేపల మురికిని అవే తిని నీళ్లను శుభ్రం చేస్తాయని చెప్పాడు. మరి ఎన్ని పెట్టాలంటే, "తక్కువైతే నీళ్లు ఖరాబైతయ్ మేడమ్, ఎక్కువైతే చేపలకు జాగ ఉండది" అని ఫోను పెట్టేశాడు. ఇక చూడండి, మా వెయిటింగ్ హాల్లో ప్రతివాడూ నిపుణుడే. పక్కన గాజుల దుకాణం చాచా వచ్చి, "బేటా, నిండ నింపకు. దుకాన్ల జర ఖాళీ ఉంటేనే గిరాకి లోపలికొస్తది" అన్నాడు. పళ్ల సెట్టు కోసం శివ్వంపేట నుంచి వచ్చే అవ్వ, "గింతేనా? మా పొలం గట్టు మీద గింతకంటె మస్తుంటయ్" అని పెదవి విరిచింది. దవడ వాచి మాట్లాడలేని ఒకాయన చేతులతోనే ఎత్తు చూపించాడు. చివరికి అందరి మాటా విన్నట్టు నటించి, సగం తొట్టికి ఒక మూలగా రాయి మీద రాయి పేర్చి, అడుగున చేపలు దూరేంత గుహ వదిలాను.

నీళ్లు కుదురుకోవడానికి వారాలు పట్టింది. ఒకరోజు ఒక రాతి చిల్లులోంచి ఈకలాంటి చిన్న జీవి బయటికొచ్చి విచ్చుకుంది. నేను చూస్తూ నిలబడిపోయాను, ఫోను మోగి మోగి ఆగిపోయింది. నిజం చెబుతున్నా, ఆ తొట్టి మీద నాకు ప్రేమ పుట్టింది. అయితే నేను పేర్చిన గుట్ట మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. ప్రాణమున్న రాళ్లు కదా, పెరుగుతున్నాయేమో అనుకున్నాను! (ఈ సిద్ధాంతాన్ని చాచాకు వివరంగా బోధించాను కూడా. ఆయన ఎందుకో నేల చూపులు చూశాడు.)

నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపల జంట వచ్చిన రోజు డాక్టరమ్మ తేల్చి చెప్పింది. "ఇవ్వి బతికితే తొట్టి ఉంటది. లేకుంటె వాపస్ పంపిస్త." చేపల్ని వదిలి, నేను అపాయింట్‌మెంట్ ఫోను ఎత్తానో లేదో దబ్బుమని చప్పుడైంది. వేడికని మూత తీసి పెట్టిన తొట్టిలో అవ్వ చెయ్యి మోచేతిదాకా మునిగి ఉంది. గుట్ట కూలింది. నీళ్లన్నీ మట్టిరంగు. చేపలు కనిపించవు.

"అవ్వా, ఏం జేసినవ్!"

"రాయి పెట్టిన బిడ్డా. గుట్ట మీద దేవుని కాడ రాయి మీద రాయి పెడ్తె సొంతిల్లు అయితది గదా. డాక్టరమ్మ మొక్కుకున్నదనుకోని నేన్ గూడ పెట్టిన."

నాకు ఏడుపొక్కటే తక్కువ. పెద్ద తొట్టి, నా చిన్న సముద్రం, రేపే వాపస్. ఇంతలో చాచా చొక్కా చేతులు మడుస్తూ వచ్చాడు. "అందరు పెడ్తుండ్రని నాది గూడ ఒకటుంది బేటా. జర మెల్లగ తియ్యి." అప్పుడు హాలంతా లేచింది. ఒక్కొక్క రాయీ బయటికి తీస్తుంటే, "గది నాది, పైలంగ పెట్టు" అని ఒక్కొక్కరూ అందుకున్నారు. దవడ వాపు ఆయన కూడా, ఈసారి మాటలొచ్చి, "నాది నల్లది" అన్నాడు. అడుగున నా గుహ మాత్రం నిలబడే ఉంది. అందులోంచి ముందొకటి, వెనక ఒకటి, తెల్ల పట్టీలు ఊపుకుంటూ చేపలు బయటికొచ్చాయి. అవ్వ బోసినోటితో చప్పట్లు కొట్టింది. నేను ఆమెను కోప్పడాల్సింది పోయి కౌగిలించుకున్నాను.

బల్ల మీద నున్నటి ఎర్రరాయి ఒకటి మిగిలింది. ఎవరిదని అడిగాను. డాక్టరమ్మ దాన్ని తీసి కోటు జేబులో వేసుకుని, "నెక్స్ట్ ఎవరు? లోపలికి రండ్రి" అని గిర్రున తిరిగి వెళ్లిపోయింది. మరునాటి నుంచి తొట్టి పక్కన ఒక స్టీలు తాంబాళం పెట్టాం, మొక్కుల రాళ్లకు. సాయంత్రం తాళం వేసే ముందు, ఎవరూ చూడటం లేదని రెండుసార్లు చూసుకుని, నేనూ ఒకటి పెట్టాను. సముద్రం చూడాలని.

మొన్నీమధ్య మా ఆయనా నేనూ విశాఖపట్నం వెళ్లాం. ఇసుకలోకి దిగి తలెత్తి చూశానో లేదో, నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "గిన్ని నీళ్లకు గిన్నే రాళ్లా!" ఆయన అయోమయంగా చూశాడు. అన్నీ తెలిసినట్టు తల ఊపిన ఆ పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. వచ్చేముందు రెండు రాళ్లు ఏరి, ఒకదాని మీద ఒకటి పెట్టి వచ్చాను.