ఓబులమ్మ రెండోసారి దాటిన గడప

నేను పదవీ విరమణ చేయడానికి మూడేళ్ల ముందు, ఎండాకాలంలో, జర్నలిజం విద్యార్థుల డాక్యుమెంటరీలకు నన్ను గైడ్‌గా వేశారు. అప్పటికి అసోసియేట్ ప్రొఫెసర్ని. ఒక్కో జట్టుకు ఒక ఊరు, పది నిమిషాల చిత్రం, వంద మార్కులు. పులివెందుల అమ్మాయి శైలజ జట్టుకు జమ్మలమడుగు దగ్గర, జలాశయంలో మునగబోయే పల్లె వచ్చింది.

మేం పోయిన రోజు ఓబులమ్మ అనే డెబ్బై ఏళ్ల రైతు ఇల్లు ఖాళీ చేస్తోంది. కొడుకు అప్పటికే కిటికీలు పీకి ట్రాక్టర్లో వేశాడు. "నేనేడిస్తే నా కొడుక్కు కాళ్లూ చేతులూ ఆడవు. ఏడ్సకుండా పోతా, సూడండి" అని ఆమె ముందే చెప్పింది. గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మొక్కి, బయటికి వచ్చేసింది. వెనక్కి తిరగలేదు. కంట తడి లేదు.

శైలజ కెమెరా చూసుకుని బిక్కచచ్చిపోయింది. కంగారులో రికార్డు బటన్ రెండుసార్లు నొక్కింది. మొదటి నొక్కుతో మొదలైన రికార్డింగు రెండో నొక్కుతో ఆగిపోయింది. "పోయింది సార్" అంది.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. చేసిన పనే మళ్లీ చేయించి తీయడాన్ని రీటేక్ అంటారు. మా పనిలో అది మామూలే. "అవ్వా, ఇంకొక తూరి లోపలికి పోయి రా" అన్నాను. "బయటికొచ్చినాక మళ్లా పోగూడదు సార్" అన్నాడు కొడుకు. ఆమే అతన్ని ఆపింది. "సదువుకునే పిల్లోల్లు, పోనీలేప్పా" అంటూ లోపలికి పోయింది.

ఎంతసేపటికీ రాలేదు. చూస్తే పొయ్యి దగ్గర కూలబడి ఏడుస్తోంది. చివరికి కొడుకు తానూ ఏడుస్తూ, రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆపమని నేను అనలేదు.

ఆ దృశ్యం చూసే ఎక్కువ మార్కులు వేశాను. తర్వాత ప్రొద్దుటూరు నుంచి ప్రొజెక్టరు తెచ్చి, పునరావాస కాలనీలో తెర కట్టి చూపించాం. ఊరంతా వచ్చి కూర్చుంది. అయిపోయాక ఓబులమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"నేను ఏడ్సకుండా వచ్చింటి కదప్పా. అది యాడ పాయ?"

పోయిందని చెప్పాను. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మరుసటి ఏడు ప్రాజెక్టు నిబంధనల్లో ఒకటి చేర్చాను. మనిషి బతుకులో ఒక్కసారే జరిగేదాన్ని మళ్లీ చేయించకూడదు. తీయలేకపోతే, తీయలేకపోయామని తెర మీద రాయాలి. శైలజ చిత్రంలో ఆ మాట లేదు. అందులో ఓబులమ్మ ఏడుస్తూనే ఇల్లు విడుస్తుంది.