ఆయమ్మ ఆదివారాలు

పెద్ద సిస్టర్ అలసట ఆ వారానిదో ఆ నెలదో కాదు, ముప్పై నాలుగేళ్లది. మోకాళ్లలో కొంత, నడుంలో కొంత, మిగిలిందంతా డ్యూటీ చార్టు రాసే కుడిచేతిలో పేరుకుపోయి ఉండేది. ఆ నెల ఆఖరి ఆదివారంతో ఉద్యోగం ముగుస్తుంది. ఆ రోజుకు తన పేరు పక్కన సెలవు తానే రాసుకుంది. చర్చిలో ఆమె కోసం కృతజ్ఞతా కూడిక పెట్టారు. నాయకత్వం గురించి బైబిలు వాక్యం ఏం చెబుతోందో ఆమె ఇరవై నిమిషాలు మాట్లాడాలి.

మాట్లాడటం ఆమెకు కొత్తేమీ కాదు. పంతొమ్మిదేళ్లుగా మగవాళ్ల సర్జరీ వార్డుకు ఆమే పెద్ద. రోజూ పొద్దున డ్యూటీ మారే వేళ నర్సులనూ ఆయాలనూ అయిదు నిమిషాలు నిలబెట్టి వాక్యంలోంచి ఓ మంచి మాట చెప్పేది. పెద్ద కావాలనుకున్నవాడు ముందు పరిచారం చెయ్యాలని ఒకరోజు, నాలుకను ఏలలేనివాడు ఇంకెవర్నీ ఏలలేడని ఇంకోరోజు. వెనక వరసలో ఆవలింతలు మింగేవాళ్లు, చాటున ‘సామెతల సిస్టర్’ అని నవ్వుకునేవాళ్లు. అయినా ఆమె అంటే గౌరవమే. రోగి వాంతి చేసుకుంటే ఎవర్నీ కేకెయ్యకుండా తానే గిన్నె పట్టే మనిషి మరి.

వార్డు నడపడం ఒక ఎత్తు, చార్టు రాయడం ఒక ఎత్తు. నెలాఖరు వచ్చిందంటే సొరుగు నిండా చీటీలు. ఒకామె అత్తగారికి కంటి ఆపరేషన్, ఒకామె కొడుక్కి పరీక్షలు, ఇంకొకామెకు ఆదివారం తప్పితే మొగుడి మొహమే కనబడదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ రాసి, కాగితం చిరిగేదాకా వచ్చాక పెన్నుతో దిద్దేది. నర్సుల సంగతి ఎలాగో తేలేది. ఆయాల వరసలో మాత్రం ఆదివారం పొద్దుటి గడి ఎప్పుడూ ఖాళీగా మిగిలేది. తలెత్తితే గుమ్మం దగ్గర నేల తుడుస్తూ ఆయమ్మ కనబడేది.

"ఆయమ్మా, ఈ ఆదివారం కూడా సర్దుకుంటావు కదూ?"

"సరే సిస్టర్."

ఆ ‘సరే’ మీద పదకొండేళ్లు వార్డు నడిచింది. మిగతా ఆయాలు ఉన్నారు, వాళ్లకు నోళ్లూ ఉన్నాయి. ఆయమ్మకు లేనిది అదే. పైగా మర్నాడు పొద్దున అందరి ముందూ "సేవ అంటే ఏంటో ఆయమ్మను చూసి నేర్చుకోండి" అని మెచ్చుకోలు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? మొత్తుతున్నామని మొత్తేవాళ్లకు తెలియకపోవడమే విడ్డూరం.

వీడ్కోలు సభ శనివారం మధ్యాహ్నం. అందులో ఏం మాట్లాడాలో పెద్ద సిస్టర్ ఎప్పుడో అనుకుని పెట్టుకుంది. బైబిల్లో సమూయేలు అనే ముసలి నాయకుడు పదవి దిగేటప్పుడు జనాన్నందరినీ పిలిచి, నేనెవరి ఎద్దునైనా తోలుకుపోయానా, ఎవరినైనా బాధపెట్టానా, చెప్పండి, తిరిగిచ్చేస్తాను అన్నాడట. జనమంతా ఒక్క గొంతుతో లేదన్నారట. తన వార్డు నోట ఆ ‘లేదు’ వినాలని ఆమె ఆశ. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి పోతే ఇన్నేళ్ల నడుంనొప్పి ఊరికే పోలేదనుకోవచ్చు.

ముందురోజు రాత్రి భర్తకు చెప్పింది. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఎక్కడ తప్పుంటుందో ఆయన కళ్లకు ముందే తెలుస్తుంది.

"ఆ ప్రశ్న నలుగురిలో అడక్కు" అన్నాడు కళ్లజోడు తీసి.

"ఏం? జవాబు నాకు తెలుసండీ."

"అందుకే అడక్కంటున్నాను."

ఆమె విసుక్కుని దుప్పటి కప్పుకుంది.

శనివారం నర్సుల గదిలో కేకు కోశారు. గోడ గడియారం ఇచ్చారు. మేట్రన్ రెండు ముక్కలు మాట్లాడింది. ఆ తర్వాత పెద్ద సిస్టర్ లేచి ముసలి నాయకుడి కథ చెప్పి, "నేనూ అదే అడుగుతున్నాను. మీలో ఎవరిదైనా తీసుకున్నానా? చెప్పండి, తిరిగిచ్చేస్తాను" అంది.

"అయ్యో, అదేం మాట సిస్టర్! లేదు, లేదు!" అన్నారు నర్సులంతా. ఒక పిల్ల ఏడ్చేసింది. పెద్ద సిస్టర్‌కు ప్రాణం హాయిగా అనిపించింది. కూర్చోబోయింది.

"నావి తీసుకున్నారు సిస్టర్."

కేకు పళ్లాలు పోగేస్తున్న ఆయమ్మ. రోగికి జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది, గొంతు పెంచకుండా.

"ఏం తీసుకున్నాను ఆయమ్మా?"

"ఆదివారాలు."

మేట్రన్ సర్దబోయింది. "ఇప్పుడవన్నీ ఎందుకు ఆయమ్మా, శుభమా అని..."

"అడిగారు కదా అని చెప్పానమ్మా. అడక్కపోతే చెప్పేదాన్ని కాదు. నాకు కోపం లేదు" అంది ఆయమ్మ. "మా పిల్ల హాస్టల్లో ఉండేది. వాళ్లు ఆదివారం పొద్దున మాత్రమే చూడనిచ్చేవాళ్లు. ఒకసారి చీటీ కూడా పెట్టాను."

పెద్ద సిస్టర్‌కు ఆ చీటీ గుర్తొచ్చింది. గుర్తు రాకపోయినా బాగుండును. ఆయమ్మకు రాయడం రాదు, కూతురి చేత రాయించింది. మా అమ్మకు నెలకు ఒక్క ఆదివారం ఇప్పించండి అని, గుండ్రటి పెన్సిల్ అక్షరాలు. "ఎంత ముద్దుగా రాసిందే మీ అమ్మాయి!" అని మెచ్చుకుంది. ఈ నెల కుదరదు, వచ్చే నెల చూద్దాం అని సొరుగులో వేసింది. వచ్చే నెల ఆ సొరుగులో వేరేవాళ్ల చీటీలు పైకొచ్చాయి. ఆ ఆదివారాలన్నిట్లో తను మాత్రం చర్చిలో ముందు వరసలో కూర్చుంది.

"తిరిగిచ్చేస్తాను ఆయమ్మా" అంది.

"ఎలా ఇస్తారు సిస్టర్? చదువెప్పుడో అయిపోయిందిగా. పిల్లకు వేరే ఊళ్లో ఉద్యోగం" అని ఆయమ్మ పళ్లాలు తీసుకుని వెళ్లిపోయింది.

అందరూ పోయాక పెద్ద సిస్టర్ చార్టు ముందు నిలబడింది. ఆదివారం పొద్దున, ఆయమ్మ. తన చేతిరాతే. ఆ పేరు కొట్టేసి పైన తన పేరు రాసి, రేపు రావద్దని ఆయమ్మకు కబురు పెట్టింది. దానివల్ల ఏదో సరిపోతుందని కాదు. ఇంకేం చెయ్యాలో తెలియక.

మర్నాడు ఏడు గంటలకు బకెట్టూ మాపూ పట్టుకుంది. చిన్న నర్సు కంగారుపడింది. "మీరెందుకు సిస్టర్, పక్క వార్డు ఆయాను పిలుస్తాను" అంటే, "ఆవిడ ఆదివారం ఆవిడకెవరు తిరిగిస్తారమ్మా?" అని కసిరింది. పదిన్నరకు చర్చి నుంచి ఫోన్ వచ్చింది, అందరూ ఎదురుచూస్తున్నామని. డ్యూటీలో ఉన్నానని చెప్పి పెట్టేసింది. నాయకత్వం గురించి చెప్పడానికి ఆ పూట ఆమె దగ్గర ఏమీ లేదు. ముప్పై రెండు మంచాల కింద తుడిచేసరికి మోకాళ్లు వంగనని మొరాయించాయి. ఈ పని పదకొండేళ్లు చేసిన మోకాళ్లు ఎలా ఉంటాయో అనుకుంటే ఇంకా నీరసం వచ్చింది.

ఒంటిగంటన్నరకు గుమ్మంలో ఆయమ్మ. ఇస్త్రీ చీర కట్టుకుని, ఎవర్నో చూడ్డానికి వచ్చినట్టు బయటే నిలబడింది.

"నువ్వెందుకొచ్చావు? నీకివాళ సెలవు."

"ఇంట్లో ఏం చెయ్యాలో తోచలేదు సిస్టర్."

పెద్ద సిస్టర్ మాపు గోడకు ఆనించి స్టూలు మీద కూలబడింది. "అమ్మాయికి ఫోన్ చెయ్యకపోయావా?"

"చేశాను."

"ఏమంది?"

ఆయమ్మ లోపలికొచ్చి బకెట్టు పక్కకు జరిపింది.

"భయపడిపోయింది. ‘ఆదివారం ఇంట్లో ఉన్నావేంటమ్మా, ఒంట్లో బాగాలేదా, పనిలోంచి తీసేశారా’ అని ఒకటే ఏడుపు."