జేగంట మీద దుమ్ము

మా తమ్ముడు కాటమరాజు ఊపిరి ఎంత పొడుగో మార్కాపురంలో భజనకు వచ్చేవాళ్ళందరికీ తెలుసు. చరణం ఎత్తుకుంటే చివరి అక్షరం దాకా ఒక్క గుక్కలో లాగేవాడు. “నా హార్మోనియం తిత్తికైనా మధ్యలో గాలి కావాల, వీనికి అక్కర్లేదు” అని మల్లయ్య ఉడుక్కునేవాడు.

నన్ను రెండో తరగతితోనే బడి మాన్పించారు. అయినా వాడి సంగతి ఇంకొకరు రాస్తే నాకు నచ్చదు. రాసేవాళ్ళు వాణ్ణి ‘పాపం’ అంటారు. వాడు పాపం అనిపించుకునే మనిషి కాదు.

వాడు పలకల కంపెనీలో కోత మిషను దగ్గర పనిచేసేవాడు. గని నుంచి వచ్చిన రాయిని పొరలుగా చీలుస్తారు. ఆ పొరను పలక కొలతకు కోయడం వాడి పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జుట్టు, రెప్పలు, మీసం అంతా బూడిద రంగు. కట్టుకున్న పెళ్ళాం శ్రీశైలమ్మ గనుక గుర్తుపట్టేది. మూతికి తువ్వాలు కట్టుకోరా అంటే, “కట్టుకుంటే పాట ఎట్ల పాడేదక్కా?” అనేవాడు. ఆ మిషను హోరులో కూడా నోరు తెరిచి పాడిన మొనగాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయి, ఆ రాజధాని మళ్ళీ హైదరాబాదుకు తరలిపోయిన రోజులవి. అప్పటికి మాది కర్నూలు జిల్లానే. రాజధాని పోయినా డాక్టర్లు మిగిలారు కదా అని, భజనలో చరణం సగంలో తెగిపోవడం మొదలైనాక వాణ్ణి కర్నూలు తీసుకుపోయాం. డాక్టరు రొమ్ముకు ఫోటో తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

“క్షయ కాదమ్మా. రాతి పొడి లోపల పేరుకుంది. ఆ పని మాన్పించండి.”

“మాన్పిస్తాం. మందు ఏంది?”

“దీనికి మందు లేదు.”

“మందు లేని రోగానికి ఫోటో ఎందుకు తీసినావయ్యా?” అన్నాను. శ్రీశైలమ్మ నా చెయ్యి గిల్లింది. డాక్టరు మాత్రం కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఇంకేదో దారి దాచిపెట్టాడని అయినా అనుకునేదాన్ని.

మావాడు పని మానేశాడు. ఊపిరి మాత్రం రాలేదు. మెట్లు ఎక్కితే ఆయాసం, అన్నం తింటే ఆయాసం. చరణం పోయి పల్లవి మిగిలింది, పల్లవి పోయి ‘రామా’ మిగిలింది. ఆ ఒక్క మాటకూ నడుమ ఆగాల్సి వచ్చేది. పడుకుంటే గొంతు నొక్కినట్లుందని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. చంద్రశేఖరపురం పక్క మా అత్తగారి ఊళ్ళో చేను మా ఆయనకు వదిలేసి నేను వాడి దగ్గరే ఉండిపోయాను.

అప్పుడు గిద్దలూరు నుంచి నాగభూషణం అయ్యవారు వచ్చాడు. సంగీతం చెప్పుకునే మనిషి. తన తండ్రి ఉబ్బసాన్ని శ్వాసతో, నాదంతో నెమ్మది చేశానని ఆయన నమ్మకం. దొంగ కాదు. దొంగ అయితే నా పని సులువయ్యేది, నాలుగు తిట్టి పంపేదాన్ని. దక్షిణ ముట్టలేదు, మజ్జిగ తప్ప ఏమీ తాగలేదు. పలకల పనిలో దగ్గేవాళ్ళందరికీ నేర్పుతానన్నాడు.

పొద్దున్నే కంపెనీ కూత వెయ్యకముందే పనివాళ్ళు అక్కడ ఉండాలి కాబట్టి, కంపెనీ వెనక పలకలు పేర్చే చదునైన దొడ్డిలోనే కూర్చున్నారు. గురువు వచ్చే చోటు ఊడ్చకుండా ఎట్లా ఉంచుతారు మా ఆడవాళ్ళు? శ్రీశైలమ్మ, ఇంకా నలుగురైదుగురు చీపుర్లు పట్టి దొడ్డంతా అద్దంలా ఊడ్చేవాళ్ళు. వానల్లేని ఏడు. చేద వేస్తే బావి అడుగు తగిలేది. కళ్ళాపి చల్లడానికి నీళ్ళు ఎక్కడివి? పొడిగానే ఊడ్చేవాళ్ళు. అది ముగియగానే అయ్యవారు జేగంట చేత్తో పట్టుకుని వచ్చేవాడు.

“ముక్కుతో నిదానంగా పీల్చండి. పొట్ట దాకా నింపండి. నిలపండి. ఇప్పుడు పెదాలు మూసి తుమ్మెద మాదిరి వదలండి.”

అందరూ ఝుమ్మనేవాళ్ళు. ఆ మీద ఆయన ఒక్కొక్కరి రొమ్ము దగ్గర జేగంట పట్టి కొయ్యతో తట్టేవాడు. ఆ అదురు ఎముకల్లోకి పోతుంది. నేను చెయ్యి పెట్టి చూశాను, మా తమ్ముడి వీపు లోపల పిల్లి గురగురలాడినట్లుంది. పరిగెత్తే గుండె కాస్త నెమ్మదించేది. చల్లగా ఉండే అరచేతులు వెచ్చబడేవి. ఇంటికి వచ్చి గోడకు ఆనుకున్నవాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాడు. ఎన్నాళ్ళకో నిద్ర. ఇది అబద్ధమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి కూడా జరిగింది. ఆ అదురుకు లోపలి కఫం కదిలి దగ్గుతో బయటపడేది. బూడిద రంగులో ఉండేది. శ్రీశైలమ్మ అది ఉమ్మిన చిప్ప పట్టుకుని వీధిలో తిరగడం ఒక్కటే తక్కువ.

“వదినా, చూడు! రాయి కరుగుతా ఉండాది!”

“దాన్ని నా మొగం మీద పెట్టబాకమ్మే” అన్నాను గానీ నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీధంతా అదే మాట, రాయి కరుగుతోందని.

రాయి కరుగుతుంటే మనిషి తేరుకోవాలి కదా. వాడి గోళ్ళు నీలం తిరిగాయి. దొడ్డి దాకా నడవలేక మల్లయ్య భుజం మీద చెయ్యి వేసి పోయేవాడు. అయ్యవారితో చెబితే ఆయన మొగంలో దిగులు కనిపించింది.

“ఇంకా లోతుగా పీల్చాలమ్మా. అడుగున ఉన్నది కదలాల.”

మా తమ్ముడు ఇంకా లోతుగా పీల్చాడు. మెడ నరాలు తేలేటట్లు పీల్చాడు. ఆ పట్టుదల నాకు తెలుసు, చరణం తెగనివ్వని పట్టుదలే అది.

నడుమ అయ్యవారు ఏదో పెళ్ళికని గిద్దలూరు పోయి వారం రాలేదు. ఆ వారం వాడి కఫం తెల్లగా పడింది. ఆయాసం కూడా ఒక మెట్టు దిగింది.

“అయ్యోరు లేకపోతే జబ్బు కూడా ఊరికి పోయినట్లుంది” అన్నాను.

“ఊరుకో వదినా, కళ్ళు పోతాయి” అంది శ్రీశైలమ్మ.

ఆయన తిరిగి వచ్చిన పొద్దున నేనూ దొడ్డికి పోయాను. ఆడవాళ్ళు ఊడ్చి చీపుర్లు మూలన పెట్టారు. అయ్యవారు చెంబుతో మజ్జిగ తాగుతూ జేగంట నా చేతికిచ్చాడు. కంచు మీద వేలిముద్రలున్నాయని నా కొంగుతో తళతళలాడేటట్లు తుడిచి ఇచ్చాను. అందరూ పీల్చారు, నిలిపారు, తుమ్మెద మాదిరి వదిలారు. ఆయన మా తమ్ముడి రొమ్ము దగ్గరికి వచ్చి జేగంట తట్టాడు.

కంచు మీద నుంచి పొడి ఎగిరింది. సన్నటి బూడిద రంగు పొడి. మోత ఆగేదాకా చీమల్లా అటూ ఇటూ ఆడింది.

ఇప్పుడే తుడిచాను నేను. కూర్చున్న ఇంతసేపట్లో ఆ గంట మీద అంత పడితే, ఊపిరి పొట్ట దాకా నింపుకున్నవాళ్ళ లోపల ఎంత పడాలి?

“ఆపండి!” అన్నాను. “పీల్చబాకండిరా! మీరు కక్కేది పాత రాయి కాదు. పొద్దున మింగింది మాపటికి కక్కుతా ఉండారు!”

అయ్యవారు జేగంట మీద వేలు పెట్టి గీశాడు. పలక మీద బలపంతో గీసినట్లు గీత పడింది. ఆ వేలిని పంచెకు తుడిచి మళ్ళీ గీసి చూశాడు. ఇంతలో కూత వేశారు. పనివాళ్ళు లేచి పంచెలు దులుపుకుని మిషన్ల దగ్గరికి పోయారు. ఇంకెక్కడికి పోతారు?

శ్రీశైలమ్మ మాత్రం మూలనున్న చీపురు వైపే చూస్తోంది. “నా చేత్తోనే ఊడ్చినానే వదినా. రోజూ ఊడ్చినానే.”

“నువ్వు చీపురు పట్టకముందే వాని రొమ్ము నిండినాది. లెయ్” అన్నాను. నిజమే చెప్పాను. ఆ నిజం దానికి ఎందుకూ పనికి రాలేదు.

ఎద్దుల బండి కట్టించి వాళ్ళిద్దరినీ మా అత్తగారి ఊరికి తీసుకుపోయాను. బండి కదలబోతుంటే అయ్యవారు వచ్చి జేగంట బండిలో పెట్టాడు. “పీల్చడం వద్దమ్మా. నాదం మాత్రం వదలబాకండి” అన్నాడు. నేను వద్దనలేదు.

మా చేని గాలిలో దుమ్ము లేదు. చుట్టూ ఎర్రమట్టి, కంది చేలు, కొండ మీది నుంచి దిగే చల్లగాలి. గాలి ఎంత ఉంటే ఏం, వాడి లోపల దానికి చోటు లేదు. తుమ్మెద మాదిరి ఝుమ్మందామని పెదాలు మూస్తే ఆ కాస్త గాలి కూడా చాలక ఎగపోసేవాడు. జేగంట తడితే ఆ అదురుకు దగ్గు ఎగదన్ని మొగం నల్లబడేది. దాన్ని తీసి దూలానికి తగిలించాను.

“నిద్ర ఒక్కటి పట్టించక్కా” అన్నాడు ఒకనాడు మధ్యాహ్నం. ఆ ముక్క అనడానికి మూడు చోట్ల ఆగాడు.

ఏం చేయాలో తోచక వాడి వెనక కూర్చుని నా వీపు వాడి వీపుకు ఆనించాను. పెదాలు మూసి నేనే ఝుమ్మన్నాను. నా గొంతు కోడిపెట్ట గొంతని చిన్నప్పుడు వాడే ఎగతాళి చేసేవాడు. అయినా ఆ అదురు నా ఎముకల్లోంచి వాడి ఎముకల్లోకి పోయింది. వాడి గాలి ఖర్చు కాకుండానే వాడికి నాదం అందింది. కుక్కపిల్లలా ఎగపడే వాడి ఊపిరి నా దాని వెంట నెమ్మదిగా నడిచింది. తల వెనక్కి వాలి నా భుజానికి తగిలింది.

“శ్రుతి లేదు” అన్నాడు.

“నోరు మూసుకుని నిద్రపో.”

నిద్రపోయాడు.

అప్పటి నుంచి అదే మా పని. నేను అలిసిపోతే శ్రీశైలమ్మ కూర్చునేది. దాని వీపు మెత్తన, నా వీపే మేలని వాడు అనేవాడు. నాకు గర్వంగానే ఉండేది, ఉండకేం. ఆ ఝుమ్ముకు జబ్బు తగ్గదని మాకు తెలుసు. వాడికీ తెలుసు. నిద్ర వస్తుంది, భయం తగ్గుతుంది, అంతే. అంతకంటే ఇవ్వగలిగింది ఇంకెవరి దగ్గరా లేదు.

కందులు కోసేవేళ, చేలో మనుషుల మాటలు వినబడుతుండగా, ఎప్పటిలా వీపు ఆనించి కూర్చున్నాను. వాడి ఊపిరి నా దాని వెంట నడిచింది. కొంత దూరం వచ్చి వెనకబడింది. నేనూ నెమ్మది చేశాను. ఇంకా వెనకబడింది. నేను ఇంకా నెమ్మది చేశాను. తరవాత నా వీపుకు నా మోతే తిరిగి తగిలింది.

నేను ఆపలేదు. శ్రీశైలమ్మ గంజి గిన్నెతో లోపలికి వచ్చి, వాడి మొగం చూసి, గిన్నె కింద పెట్టింది.

“వదినా, ఇంక చాలు” అంది.

నేను తల అడ్డంగా ఆడించాను. నా గుక్క ఇంకా మిగిలి ఉంది. ఉన్నంతవరకు లాగాను.