దాచిపెట్టుకోమన్న కంటి చుక్కలు

కామారెడ్డి జిల్లా అయిన రెండో ఏడు, వానకాలం మొదట్లో, నన్ను ఎల్లారెడ్డి వైపు ఒక మండల పశువైద్యశాలకు వేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు అంత పొడుగున్నా, వైద్యం చేసేదీ నేనే, రిజిస్టరు రాసేదీ నేనే. వచ్చేవన్నీ బర్రెలు, గొర్రెలు. కుక్కను పట్టుకొచ్చేవాళ్లు అరుదు. అందుకే బీరయ్య మొదటిరోజే మనసులో ఉండిపోయాడు.

పోచారం అడవి అంచున గొర్లు మేపుకునే పెద్దమనిషి. ఆ పక్క చిరుతల భయం ఎక్కువ. ఆయన మందకు కాపలా కర్రిగాడు అనే నల్లకుక్క. అది పిల్లగా ఉన్నప్పుడే పొట్టేలు కొమ్ము తగిలి ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు కుడికన్ను ఎర్రబడి నీరు కారుతోంది.

"గీ ఒక్క కన్ను పోయిందంటే నా మంద పోయినట్టే సారూ" అన్నాడు.

కంటికి మందు రాసేముందు మేము చేసే పరీక్ష ఒకటుంది. రంగు అద్దిన సన్నని కాగితపు ముక్కను తడిపి కనురెప్ప లోపల ఆనిస్తాం. నల్లగుడ్డు మీద గాయముంటే ఆ చోట పచ్చగా రంగు నిలుస్తుంది. నిలిస్తే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ముట్టకూడదు. అవి ఎరుపునూ వాపునూ దించుతాయి గానీ గాయాన్ని మాననివ్వవు, గుడ్డు కరిగిపోతుంది. ఆ రోజు రంగు నిలవలేదు. ధైర్యంగా ఆ చుక్కలే ఇచ్చాను. రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు, సీసా మూతి కంటికి తగలనీయొద్దని చెప్పాను. చెప్పినదంతా ఆయన తిరిగి నాకే అప్పజెప్పి వెళ్లాడు.

వారం తర్వాత చూపించడానికి వచ్చాడు. కన్ను తేటగా ఉంది. సీసాలో సగం మందు మిగిలింది. ఆ రోజు గొర్రెలకు టీకాలు, ఆవరణంతా మందలు. చేతిలో సూదితోనే, తలెత్తకుండా అనేశాను: "మంచిగ పనిచేసింది. మిగిలింది దాచిపెట్టుకో బీరయ్యా, పనికొస్తది."

మా దిక్కు మందు పారేయడమంటే అన్నం పారేసినట్టే. ముసలమ్మకు శుక్లాల ఆపరేషన్ అయితే ఆమె చుక్కలు మనుమలకు, ఆపైన ఎడ్లదాకా వస్తాయి. ఆ పని చేసినవాళ్లను నేనే ఎన్నిసార్లు తిట్టానో. అయినా ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

ఎండకాలం తుమ్మకాయల రోజుల్లో కర్రిగాడి కంట్లో తుమ్మముల్లు గీసుకుంది. బీరయ్య గొంగడి కొసకు ముడివేసి దాచిన సీసా విప్పాడు. రోజుకు మూడుసార్లు వేశాడు. మొదట ఎరుపు తగ్గింది కూడా. ఈ మందు మోసం అక్కడే ఉంది. కుక్క కన్ను తెరవకపోతే మందు మండుతోందనుకున్నాడు. తొమ్మిదో రోజు గుడ్డు తెల్లబడి కరిగి జారుతుంటే ఆటోలో తీసుకొచ్చాడు.

కాగితం ఆనించగానే కన్నంతా పచ్చబడింది. నడిమధ్య రంధ్రం. ఏం వేశావని అడిగితే సీసా నా చేతిలో పెట్టాడు. దాని మీద రాత నాదే.

"నువ్వు చెప్పినట్టే చేసిన సారూ. ఒక్క పూట గూడ తప్పలే."

తప్పు నాదని చెప్పాను. "నువ్వెందుకు జేస్తవ్, మా రాత" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. హైదరాబాద్‌లోని మా కాలేజీ ఆసుపత్రికి ఫోన్ చేస్తే, చూపు మిగలదు, నొప్పి తగ్గాలంటే కన్ను తీసేయమన్నారు. మరునాడు మత్తిచ్చి నేనే తీశాను. కుట్ల మీద పూయడానికి మందు ట్యూబు ఇస్తే ఆయన అడిగాడు: "గిది మిగిలితే దాచిపెట్టాల్నా, పారెయ్యాల్నా?"

పారెయ్యమన్నాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

కొన్నాళ్లు కుక్కను మొలకు తాడుతో కట్టుకుని తిప్పాడు. అది తన గొర్ల అలికిడికే అరిచేది, మంద చెదిరేది. వానలు పడేలోపే గొర్లను అమ్మేసి, దోమకొండ వైపు ఎవరి మందకో జీతానికి కుదిరాడు. కుక్క సంగతి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత ప్రతి సీసా మీదా ఆపవలసిన తేదీ రాశాను. మిగిలిన మందును వెనక్కి తీసుకుని పారబోశాను. నేర్చుకున్నది ఇంతే: పోయినసారి నయం చేసిన చుక్కలే ఈసారి కన్ను తీయగలవు, కొత్తగా పరీక్ష చేయించకుండా పాత సీసా మూత తీయకూడదు. ఆ రోజు బీరయ్యకు ఈ మాట చెప్పడానికి అర నిమిషం పట్టేది. చెప్పి ఉంటే, దాన్నీ ఆయన తు.చ. తప్పకుండా పాటించేవాడు.