అడగకుండా ఎక్కించిన క్యాసెట్

దారాలతో ఆడే బొమ్మలు రాకెట్లు నడిపే బ్రిటిష్ సీరియళ్లంటే నాకు పిచ్చి. ఎనభైల్లో మా మేనమామ కువైట్ నుంచి తెచ్చిన రెండు క్యాసెట్లతో పట్టుకుందది. తొంభైల చివరికి, నల్గొండలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ, అలాంటివి పదకొండు పోగుచేసి, ఒక్కొక్కటే సీడీల్లోకి ఎక్కించుకుంటున్నాను. ఒక సీరియల్లో చివరి భాగం మాత్రం ఎక్కడా దొరకలేదు. అది అచ్చంపేటలో, ఫారెస్టు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గరుందని తెలిసింది.

రెండేళ్లు తిరిగితే ఇచ్చాడు.

"మా చెల్లె ఇంగ్లండ్ల ఉన్నప్పుడు పంపింది. గిప్పుడు చెల్లె లేదు. జర పైలం సారూ."

అట్ట మీద ఆమె చేతిరాత ఉంది.

మర్నాడు పొద్దున, నల్గొండలో మా వీధివాళ్లంతా ఆపా, అంటే అక్క, అని పిలిచే ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె భర్త పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఎడిటింగ్ చేసేది ఆమే. క్యాసెట్ మూత ఎత్తగానే ఆమె మొహం మారింది. టేపు అంచున తెల్లగా బూజు.

"ఎక్కిస్తే తెగొచ్చు సార్. ఎక్కియ్యకుంటే ఇంకో వానకాలానికి అసలే పనికిరాదు. మీరే చెప్పుండ్రి."

బయటికొచ్చి ఎస్టీడీ బూత్ నుంచి పెద్దాయన ఇంటికి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం దాకా ఆగవచ్చు. ఆగలేదు.

"ఎక్కించండి ఆపా."

ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత తెర మీద గీతలు, కీచుమని చప్పుడు. ఆమె చటుక్కున వీసీఆర్ ఆపి, దాని పైమూత ఊడదీసింది. టేపు చక్రానికి చుట్టుకుపోయింది. గంటసేపు గోళ్లతో ఒక్కొక్క మడత విప్పింది. జానెడు ముక్క నలిగి పనికిరాకుండా పోయింది. అది కత్తిరించి, రెండు కొసలూ అతికించింది. మిగతాదంతా సీడీలోకి వచ్చింది.

"అతుకు లోపలుంటది. ఎవరికీ తెల్వదు," అంది.

ఆదివారం అచ్చంపేట బస్సెక్కాను. దారంతా చెప్పాలా వద్దా అనే ఆలోచనే. ఆయన్ని చూశాక దాచలేకపోయాను.

"నన్నడగకుండ ఎందుకెక్కిచ్చినవ్?"

"ఫోన్ చేసిన సార్. ఎత్తలేదు."

"ఎత్తకుంటే ఆగాలె."

క్యాసెట్ తీసుకుని లోపలికి పోయాడు. ఆయన భార్య చాయ్ తెచ్చిపెట్టింది. అది చల్లారినా ఆయన రాలేదు. సీడీ అరుగు మీద పెట్టి వచ్చేశాను.

నెల తర్వాత కాలేజీకి ఫోన్ చేశాడు.

"పక్కింట్ల సీడీ పెట్టి చూసిన. మంచిగనే వచ్చింది. చెల్లె పంపినయి ఇంకో రెండున్నయి. ఈపారి నేను గూడ వస్త."

వచ్చాడు. ఆపా పక్కన కుర్చీ వేసుకుని, రెండు క్యాసెట్లూ అయిపోయేదాకా వీసీఆర్ మీంచి కన్ను తిప్పలేదు. నేను వాకిట్లోనే నిలబడ్డాను. లోపలికి రమ్మని ఆయన పిలవలేదు.